ప్రవేశ పరీక్షను పాఠంగా చదవడం: శ్రీరంగాపూర్ నేపథ్యంలో నవోదయ, గురుకుల ఎంపిక పత్రాల విమర్శ

వ్యాస సంగ్రహం

గ్రామీణ బాలబాలికలను మెరుగైన వసతి పాఠశాలల్లోకి ఎంపిక చేసే ప్రవేశ పరీక్షలు తెలంగాణ పల్లెల్లో పదేళ్ళ వయసు పిల్లల చదువును, తల్లిదండ్రుల ఆశలను శాసిస్తున్నాయి. వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్ ప్రాంతపు పిల్లలకు అందుబాటులో ఉన్న రెండు ప్రధాన ఎంపిక పరీక్షలను, అంటే జవహర్ నవోదయ విద్యాలయ ఎంపిక పరీక్షను, ఐదవ తరగతి గురుకుల ఉమ్మడి ప్రవేశ పరీక్షను, ఈ వ్యాసం పాఠ్యాలుగా స్వీకరించి విమర్శిస్తుంది. ఈ పత్రాలు ప్రతిభను కనుగొంటున్నాయా, నిర్వచిస్తున్నాయా అన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న. భాషాభేదం అడ్డురాకూడదని రూపొందించిన ఆకృతుల ప్రశ్నలే శిక్షణకు అన్నిటికన్నా సులభంగా లొంగుతున్నాయని, తత్ఫలితంగా పరీక్ష పిల్లల సామర్థ్యంతోపాటు ఇంటి సన్నద్ధతను కూడా కొలుస్తోందని వ్యాసం ప్రతిపాదిస్తుంది. గురజాడ, కొడవటిగంటి రచనల్లోని పరీక్షా చిత్రణలతో ఈ పరిశీలనను అనుసంధానిస్తుంది.

కీలక పదాలు: ప్రవేశ పరీక్ష, నవోదయ, గురుకులం, శ్రీరంగాపూర్, పాలమూరు, మానసిక సామర్థ్యం, శిక్షణ, పరీక్షా భాష, కన్యాశుల్కం, చదువు.

1. ఉపోద్ఘాతం

ప్రశ్నపత్రం సాహిత్య ప్రక్రియ కాదు. అయినా అది ఒక పాఠ్యం. దానికి రచయితలు ఉంటారు, ఊహించిన పాఠకుడు ఉంటాడు, నియతమైన నిర్మాణం ఉంటుంది, ఒక లోకజ్ఞానాన్ని సహజమని భావించే దృష్టి ఉంటుంది. కథకూ కవితకూ లేని అధికారం కూడా దీనికి ఉంది. తనను సరిగా చదవలేని పాఠకుణ్ణి ప్రశ్నపత్రం ఒక బడి గుమ్మం దగ్గరే నిలిపివేయగలదు. ఇంతటి అధికారం ఉన్న పాఠ్యంపై తెలుగు విమర్శ దృష్టి సారించడం తక్కువ. పాఠ్యపుస్తకాల భాషపై, వాటిలోని ప్రాంతీయ, కుల, స్త్రీ ప్రాతినిధ్యంపై చర్చ జరిగింది. ప్రశ్నపత్రం మాత్రం విద్యాశాఖ పరిపాలనాంశంగానే మిగిలిపోయింది.

పోటీ ప్రవేశ పరీక్ష అనగానే ప్రసిద్ధ ప్రైవేటు పాఠశాలలే స్ఫురించడం సహజం. చట్టపరంగా మాత్రం పరిస్థితి వేరు. 2009 నాటి ఉచిత, నిర్బంధ విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రాథమిక విద్యాస్థాయిలో ప్రవేశానికి క్యాపిటేషన్ రుసుమును, పిల్లలనో తల్లిదండ్రులనో వడపోసే పద్ధతిని నిషేధించింది. నవోదయ, సైనిక పాఠశాలల వంటి వాటిని నిర్దేశిత వర్గంగా అదే చట్టం వేరుగా గుర్తించింది. వాటిలో ఎంపిక పరీక్ష కొనసాగుతోంది. అందువల్ల పాలమూరు పల్లెలో పదేళ్ళ పిల్లలకు ఎదురయ్యే అసలైన పోటీ ప్రభుత్వం నడిపే బడి కోసమే. ఆ పోటీకి సిద్ధం చేసే పని మాత్రం చాలావరకు ప్రైవేటు రంగం చేతిలో ఉంది. సీటు ఉచితం, దాని దారి ఖరీదు. ఈ వైరుధ్యమే ప్రస్తుత పరిశీలనకు మూలం.

2. ప్రాంతం: శ్రీరంగాపూర్, వసతి చదువు

వనపర్తి సంస్థానాధీశులు 18వ శతాబ్దంలో నిర్మించిన రంగనాయకస్వామి ఆలయంతో, దానిని ఆనుకొని ఉన్న రంగసముద్రం చెరువుతో శ్రీరంగాపూర్ ప్రసిద్ధం. 2016లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఇది వనపర్తి జిల్లాలో మండల కేంద్రమైంది. చుట్టూ గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల సాహిత్య వారసత్వం ఉన్న నేల ఇది. విద్వద్గద్వాల అన్న పేరు, తిరుపతి వేంకట కవుల సంస్థాన పర్యటనలు సాహిత్య విద్యార్థులకు సుపరిచితాలు. ఆ సభల్లో పాండిత్య పరీక్ష బహిరంగంగా, మౌఖికంగా జరిగేది. అయితే ఆ సభాప్రాంగణంలోకి ప్రవేశం అందరికీ ఉండేది కాదు. పుట్టుకే తొలి అర్హతగా ఉన్న వ్యవస్థ అది. ఈనాటి ఓఎంఆర్ పత్రం అభ్యర్థి పేరును చూసి మార్కులు వేయదు. ఈ ప్రజాస్వామిక లాభాన్ని గుర్తించకుండా ప్రవేశ పరీక్షను విమర్శించడం న్యాయం కాదు.

ఈ ప్రాంతపు విద్యాచరిత్రలో మరో పాయ కూడా ఉంది. నిజాం రాజ్యంలో పల్లె విద్యార్థికి ప్రధాన అవరోధం పట్టణంలో నివాసం. దానికి సమాధానంగా రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టలును స్థాపించారు. గద్వాల ప్రాంతం ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి దానికి కార్యదర్శిగా పనిచేశారు. ఆయనే 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ హాస్టలు ఒక సామాజిక వర్గం పేరున వెలసినదన్న పరిమితి ఉన్నా, అది ఒక మౌలిక సత్యాన్ని గుర్తించింది. పల్లె విద్యార్థికి కావలసింది ముందుగా పడక, పళ్ళెం, పుస్తకం. ప్రతిభ వాటి తరువాతే వికసిస్తుంది.

పాలమూరులో ఈ సత్యానికి ప్రత్యేకమైన బరువుంది. తరతరాలుగా పనికోసం దేశమంతా తిరిగిన పాలమూరు కూలీల కుటుంబాల్లో వలస మొదలైతే పిల్లల చదువు తెగిపోయేది. అందువల్ల ఇక్కడ వసతి పాఠశాల హోదా చిహ్నంగా కన్నా, చదువు మధ్యలో ఆగిపోదన్న హామీగానే ఎక్కువ మందికి కనిపిస్తుంది. ప్రవేశ పరీక్షకోసం తపించే తల్లిదండ్రులను పేరాశపరులుగా చిత్రించే తేలికపాటి విమర్శ ఈ నేపథ్యాన్ని విస్మరిస్తుంది.

3. ఎంపిక అనే ఆలోచన: సర్వేలు నుంచి వట్టెం వరకు

వసతి, ఎంపిక అనే రెండు భావాలు కలిసిన చోటు సర్వేలు. పి.వి. నరసింహారావు హయాంలో 1971లో నాటి నల్లగొండ జిల్లా సర్వేలులో రాష్ట్రపు తొలి గురుకుల పాఠశాల ప్రారంభమైంది. మరుసటి ఏడాది కొడిగెనహళ్ళి, తాడికొండలలో గురుకులాలు వెలిశాయి. ప్రతిభగల గ్రామీణ విద్యార్థిని ఎంచి, గురువుల సన్నిధిలో ఉంచి చదివించాలన్నది వాటి లక్ష్యం. ఆ తరువాత కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఆయన ఉన్న కాలంలోనే 1986 జాతీయ విద్యావిధానం రూపొందింది, నవోదయ విద్యాలయాలు ఆరంభమయ్యాయి. 1985-86లో హర్యానాలోని ఝజ్జర్, మహారాష్ట్రలోని అమరావతి వాటికి తొలి స్థానాలు.

శ్రీరంగాపూర్ పిల్లలకు నవోదయ అంటే నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి మండలంలోని వట్టెం. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా మొత్తానికి దీర్ఘకాలంపాటు ఇదొక్కటే నవోదయ. ఆరవ తరగతిలో 80 సీట్లు. వాటిలో కనీసం 75 శాతం గ్రామీణులకు, మూడింట ఒక వంతు బాలికలకు. 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం దేశవ్యాప్తంగా 28 కొత్త నవోదయలను ఆమోదించినప్పుడు మహబూబ్‌నగర్‌కు కూడా ఒకటి దక్కింది. అయినా సీట్లకూ ఆశావహులకూ మధ్య అంతరం పెద్దదే. దీనికి తోడు నవోదయ పరీక్ష జీవితంలో ఒకసారే రాయాలన్న నిబంధన ఉంది. జ్వరం వచ్చినా, గడియారం చూసి కంగారుపడినా మరో అవకాశం లేదు.

రాష్ట్ర గురుకులాల తీరు వేరు. తెలంగాణ ఏర్పడిన తరువాత వీటి సంఖ్య బాగా పెరిగింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమ గురుకులాలకు, సాధారణ గురుకులాలకు కలిపి ఐదవ తరగతి ప్రవేశానికి ఒకే ఉమ్మడి పరీక్ష నిర్వహిస్తున్నారు. గ్రామీణ ప్రాంతంలో కుటుంబ వార్షికాదాయం 1,50,000 రూపాయలు, పట్టణాల్లో 2,00,000 రూపాయలు మించరాదన్న పరిమితి ఉంది. నవోదయకు ఇటువంటి ఆదాయ పరిమితి లేదు. ఒకటి ప్రతిభను, మరొకటి అవసరంతో కూడిన ప్రతిభను వెతుకుతున్నాయన్న మాట.

4. రెండు పత్రాలు, రెండు నిర్వచనాలు

ఇటీవలి సమాచార పత్రాల ప్రకారం నవోదయ ఎంపిక పరీక్షలో రెండు గంటల వ్యవధిలో 80 ప్రశ్నలు, 100 మార్కులు ఉంటాయి. మానసిక సామర్థ్యానికి 40 ప్రశ్నలు, 50 మార్కులు. అంకగణితానికి 20 ప్రశ్నలు, 25 మార్కులు. భాషకు 20 ప్రశ్నలు, 25 మార్కులు. గురుకుల ఉమ్మడి పరీక్షకు కూడా రెండు గంటలే, 100 మార్కులే. కాని అక్కడ తెలుగుకు 20, ఆంగ్లానికి 25, గణితానికి 25, పరిసరాల విజ్ఞానానికి 20, మానసిక సామర్థ్యానికి 10 మార్కులు కేటాయించారు. ప్రశ్నలు నాలుగవ తరగతి స్థాయిలో ఉంటాయి.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆసక్తికరమైన విషయం బయటపడుతుంది. ఒకే ఊరి పిల్లలను ఏడాది తేడాతో రెండు పరీక్షలు కొలుస్తాయి. మొదటిదానిలో మానసిక సామర్థ్యం పదోవంతు. రెండవదానిలో సగం. పరిసరాల విజ్ఞానం మొదటిదానిలో ఐదోవంతు, రెండవదానిలో శూన్యం. చెరువులో నీరు ఎందుకు ఇంకుతుందో, ఏ పంటకు ఏ నేల అనువో తెలిసిన పిల్లవాడి జ్ఞానం మొదటి పరీక్షలో విలువైనది, రెండవ పరీక్షలో లెక్కకు రానిది. ప్రతిభ అనేది పిల్లల్లో ముందే నిక్షిప్తమైన వస్తువై, పరీక్ష దానిని తవ్వి తీసే పనిముట్టు మాత్రమే అయితే ఇంత తేడాకు ఆస్కారం ఉండదు. ఏది ప్రతిభో ప్రతి పత్రమూ తన మార్కుల పంపకం ద్వారా నిర్వచిస్తుంది. ఆ నిర్వచనానికి అనుగుణంగానే తయారీ జరుగుతుంది.

4.1 ఆకృతుల భాష

నవోదయ పత్రంలోని మానసిక సామర్థ్య విభాగంలో మాటలు లేవు, అన్నీ బొమ్మలే. భిన్నమైనదాన్ని గుర్తించడం, పోలినదాన్ని గుర్తించడం, అసంపూర్ణ ఆకృతిని పూరించడం, క్రమాన్ని కొనసాగించడం, సాదృశ్యం, జ్యామితీయ ఆకృతుల పూరణ, అద్దంలో ప్రతిబింబం, మడిచి రంధ్రం చేసిన కాగితం, విడి భాగాల కూర్పు, దాగిన ఆకృతి అనే పది రకాలు. ఒక్కో రకానికి నాలుగేసి ప్రశ్నలు. దీని వెనుక ఉన్న ఉద్దేశం గౌరవనీయం. ఇంట్లో పుస్తకాలు లేని పిల్లవాడు, ప్రామాణిక భాష రాని బాలిక మాటల దగ్గర ఓడిపోకూడదు. రేఖలకు, వృత్తాలకు మాండలికం లేదు. బొమ్మ అందరికీ ఒక్కటే.

అయితే ఈ సమానత్వం తొలిసారి బొమ్మను చూసే ఇద్దరు పిల్లల మధ్యే నిలుస్తుంది. ఒకరు తొలిసారి, మరొకరు వెయ్యోసారి చూస్తున్నప్పుడు అది చెదిరిపోతుంది. ఆకృతుల పరీక్షల్లో అభ్యాస ప్రభావం ఉంటుందన్నది విద్యా మనోవిజ్ఞానంలో అంగీకృత విషయం. సంస్కృతీ నిరపేక్షమని పేరుపొందిన రావెన్ మాత్రికల వంటి పరీక్షల్లోనే తరాల మధ్య ఫలితాలు బాగా పెరిగాయని జేమ్స్ ఫ్లిన్ పరిశోధనలు చూపాయి. పుట్టుకతో వచ్చే స్థిర సామర్థ్యాన్నే అవి కొలుస్తున్నాయన్న నమ్మకం అప్పటినుంచి సడలింది.

నవోదయ పత్రం విషయంలో అభ్యాస ప్రభావానికి నిర్మాణం కూడా తోడవుతుంది. పది రకాలు ముందే తెలుసు. ఒక్కో రకంలో ఎన్ని ప్రశ్నలో తెలుసు. పరిమితమైన రూపాలు, నియతమైన సంఖ్య ఉన్న చోట కసరత్తు అత్యధిక ఫలితాన్నిస్తుంది. చదివి అర్థం చేసుకునే శక్తిని మూడు నెలల్లో పెంచడం కష్టం. అద్దంలో ప్రతిబింబాన్ని గుర్తించే ఒడుపును మూడు నెలల్లో నేర్పవచ్చు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల సమయసారిణిలో మానసిక సామర్థ్యం అనే పీరియడు లేదు. బడి నేర్పని అంశానికి సగం మార్కులు కేటాయించినప్పుడు, ఆ సగాన్ని నేర్పే బాధ్యత బడి వెలుపలికి పోతుంది. బయట ఆ బోధనకు వెల ఉంటుంది. పేద పిల్లవాడికి అడ్డు తొలగించేందుకు పెట్టిన విభాగమే డబ్బున్న ఇంటికి అన్నిటికన్నా అనువైన విభాగంగా మారిన తీరు ఇది.

4.2 లెక్కలు, గడియారం

అంకగణిత విభాగం కారణాంకాలు, గుణిజాలు, భిన్నాలు, దశాంశాలు, కొలతలు, చుట్టుకొలత, వైశాల్యం వంటి పాఠశాల అంశాలనే ఆధారం చేసుకుంటుంది. ఇక్కడ బడి బాగా నడిస్తే పిల్లవాడు నిలబడగలడు. సమస్య కాలంతో వస్తుంది. 80 ప్రశ్నలకు 120 నిమిషాలు అంటే ప్రశ్నకు సగటున తొంభై సెకన్లు. అంగడిలో తల్లి పక్కన కూర్చుని చిల్లర లెక్క నోటితో చెప్పగల పిల్లకు లెక్క కొత్త కాదు. నాలుగు సమాధానాల్లో ఒకదాన్ని ఎంచి, సంబంధిత సంఖ్య ఎదుట వృత్తాన్ని నింపే క్రియ కొత్త. తెలిసిన లెక్కను తెలియని రూపంలో, తెలియని వేగంతో చేయమనడం గణితజ్ఞానానికి అదనంగా పరీక్షా పరిచయాన్ని కొలవడమే.

4.3 ఎవరి తెలుగు

నవోదయ భాషా విభాగంలో నాలుగు గద్యభాగాలు, ఒక్కోదానికి ఐదు ప్రశ్నలు ఉంటాయి. ఉద్దేశంలో ఇది ఉత్తమమైన విభాగం. వ్యాకరణ సూత్రాలను వల్లించమనక, చదివి గ్రహించమంటుంది. అయితే ఆ గద్యభాగపు తెలుగు పాఠ్యపుస్తకాల ప్రామాణిక భాష. వేరుశనగను బుడ్డలని, పల్లీలని పిలిచే ప్రాంతం ఇది. మొక్కజొన్న ఇక్కడ మక్కలు, జ్ఞాపకం ఇక్కడ యాది. పిల్లలు రెండు రూపాలనూ నేర్వగలరు, నేర్వాలి కూడా. కాని ఒక రూపం ఇంట్లోనే వినిపించే కుటుంబానికీ, బడిలో మాత్రమే వినిపించే కుటుంబానికీ మధ్య తేడాను తొంభై సెకన్ల గడువు పెద్దది చేస్తుంది. పదం దగ్గర ఒక్క క్షణం ఆగిన పిల్ల ప్రశ్న దగ్గర ఆలస్యమవుతుంది.

గురుకుల పరీక్షలో మరో విశేషం ఉంది. ఆంగ్లానికి 25, తెలుగుకు 20 మార్కులు. 2022-23 నుంచి రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టారు. గురుకులాలు ఆంగ్ల మాధ్యమంలోనే బోధిస్తాయి కనుక ఈ ప్రాధాన్యానికి పరిపాలనాపరమైన కారణం కనిపిస్తుంది. కాని వసతి పాఠశాల ఆంగ్లం నేర్పే చోటా, ఆంగ్లం కొంత వచ్చినవారిని చేర్చుకునే చోటా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. లోపల నేర్పవలసినదానిని గుమ్మం దగ్గరే అడగడం ఎంపిక పరీక్షలన్నిటిలోనూ కనిపించే లక్షణం.

5. తయారీ సాహిత్యం

ప్రశ్నపత్రం చుట్టూ మరో రచనాలోకం ఏర్పడింది. గైడ్లు, మాదిరి పత్రాలు, పాత ప్రశ్నల సంకలనాలు, వీడియో పాఠాలు. వీటి శైలికి కొన్ని స్థిరలక్షణాలున్నాయి. వీటిలో కారణాల కన్నా కిటుకులకు చోటెక్కువ. భావన వివరణ రెండు వాక్యాల్లో ముగుస్తుంది, నమూనా ప్రశ్నలు పుటలకొద్దీ సాగుతాయి. గద్యభాగానికి ముందు ప్రశ్నలు చదివి, తరువాత సమాధానం వెతకమన్న సలహా తరచుగా కనిపిస్తుంది. పరీక్షకు ఇది ఉపయోగపడవచ్చు. చదవడం అంటే వెతకడమేనన్న భావనను మాత్రం ఇది పదేళ్ళ వయసులోనే నాటుతుంది. ఇటువంటి పుస్తకాలతో ఏడాది గడిపిన పిల్లలు కథను కథగా చదివే అలవాటుకు దూరమయ్యే ప్రమాదాన్ని సాహిత్య బోధకులు పట్టించుకోవలసి ఉంది.

తయారీకి మూడు రూపాలు కనిపిస్తాయి. మొదటిది ప్రభుత్వ ఉపాధ్యాయులు బడివేళకు ముందో తరువాతో స్వచ్ఛందంగా ఇచ్చే శిక్షణ. ఇది ఒక వ్యక్తి నిబద్ధతపై ఆధారపడుతుంది. ఆ ఉపాధ్యాయుడు బదిలీ అయితే ఆ ఊరి అవకాశమూ బదిలీ అవుతుంది. రెండవది సాయంత్రపు ట్యూషన్. మూడవది పట్టణాల్లో వసతితో కూడిన కోచింగ్. నవోదయ గ్రామీణ కోటాకు మూడు, నాలుగు, ఐదు తరగతులు గ్రామీణ పాఠశాలలో చదివి ఉండాలన్న నిబంధన ఉంది. కాని నిబంధన చూడగలిగేది ధ్రువపత్రాన్ని. ఆ పిల్లవాడి సాయంకాలాలు, సెలవులు ఎక్కడ గడిచాయో, దానికి ఎంత ఖర్చయిందో ఏ ధ్రువపత్రమూ చెప్పదు. గ్రామీణత ఒక చిరునామాగా మిగిలి, దాని వెనుక ఉన్న లేమి లెక్కలోకి రాకుండా పోయే వీలుంది.

6. తెలుగు సాహిత్యం ముందే చూసినది

ఇంటి సన్నద్ధతకూ పరీక్షకూ ఉన్న సంబంధాన్ని తెలుగు సాహిత్యం ఒక శతాబ్దం కిందటే పసిగట్టింది. గురజాడ అప్పారావు కన్యాశుల్కంలో (1892, పునర్లిఖిత ప్రతి 1909) పరీక్ష తప్పిన వెంకటేశం వెంట గిరీశం ట్యూషన్ పంతులుగా కృష్ణరాయపురం అగ్రహారం చేరతాడు. అక్కడ గురుశిష్యులు కలిసి తల్లిదండ్రుల ఎదుట ఆంగ్ల సంభాషణ ప్రదర్శిస్తారు. దానిలో అర్థం లేదని ప్రేక్షకుడికి తెలుసు. కొడుకు చదువు ఖర్చు గురించి సణిగే అగ్నిహోత్రావధాన్లకు తెలియదు. ఈ సన్నివేశాన్ని హాస్యానికే పరిమితం చేసి చదవడం వల్ల దానిలోని ఆర్థిక సూక్ష్మం మరుగున పడింది. కొనేవాడికి సరుకు నాణ్యత తెలియదు. అమ్మేవాడు ప్రదర్శననే నాణ్యతగా చూపిస్తాడు. ఈనాడు శిక్షణ కేంద్రాల ముందు వెలిసే ర్యాంకుల ఫ్లెక్సీ అదే ప్రదర్శన. ఎంపికైన పిల్లల ఫొటోలు అందులో ఉంటాయి, చేరినవారి సంఖ్య ఉండదు. తాను చదువుకోని తండ్రికి ఈ లోపం కనిపించే అవకాశం తక్కువ.

కొడవటిగంటి కుటుంబరావు చదువు నవల సుందరం అక్షరాభ్యాసం నుంచి మొదలై, చదువు క్రమంగా ఉద్యోగపు మెట్టుగా కుదించుకుపోవడాన్ని, ఆ మెట్టు కూడా నమ్మదగినది కాకపోవడాన్ని చిత్రిస్తుంది. ఆ నవలలో ఒత్తిడి ఒక దుష్టపాత్ర రూపంలో రాదు. అందరూ మంచిని కోరుకునే ఇంట్లోనే అది పుడుతుంది. ప్రవేశ పరీక్షల తయారీని అర్థం చేసుకోవడానికి ఈ చూపు అవసరం. చలం బిడ్డల శిక్షణలో పిల్లల వ్యక్తిత్వం పెద్దల ఆశలకు సాధనం కారాదన్న దృష్టి బలంగా వినిపిస్తుంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చదువులా చావులా కార్పొరేట్ చదువుల కాలంలో అదే ఆందోళనను తీవ్రస్వరంలో ప్రకటించింది.

ఈ రచనల నుంచి వర్తమానానికి వచ్చేసరికి ఒక మార్పు స్పష్టమవుతుంది. వెంకటేశం కాలంలో జీవితాన్ని తేల్చే పరీక్ష ఉన్నత పాఠశాల స్థాయిది. నేడు అది తొమ్మిది, పదేళ్ళ వయసుకు దిగివచ్చింది. వెంకటేశం పరీక్ష తప్పడం అతని చదువుకు సంబంధించిన విషయం. నవోదయలో సీటు రాని పిల్ల ఏ పరీక్షా తప్పలేదు. తన బడిలో ఆమె ఉత్తీర్ణురాలే. అయినా ఊరు ఆమెను తప్పిన పిల్లగానే చూస్తుంది. ఎంపిక కాకపోవడం, చదువు రాకపోవడం ఒకటేనన్న భావన భాషలోకి ప్రవేశించింది. ఈ సమీకరణను చిత్రించిన తెలుగు బాలసాహిత్యం ఇంకా విరివిగా రావలసి ఉంది.

7. ఎదురు వాదాల పరిశీలన

ప్రవేశ పరీక్షలను సమర్థించే వాదం బలహీనమైనది కాదు. నవోదయ, గురుకుల విద్యార్థుల్లో ఎందరో ఉన్నత విద్యకు, ఉద్యోగాలకు చేరారు. గురుకుల వ్యవస్థ ఇచ్చిన ఆత్మవిశ్వాసానికి 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని చేరిన మాలావత్ పూర్ణ ప్రసిద్ధ ఉదాహరణ. సీట్లు తక్కువై ఆశావహులు ఎక్కువైనప్పుడు సిఫారసుకన్నా పరీక్ష మేలన్న వాదననూ కాదనలేము. అయితే ఈ విజయాలు ఆ పాఠశాలలు అందించిన ఆహారం, వసతి, బోధన, సహవాసాల ఫలితాలు. వాటిని ఎంపిక పద్ధతి ఘనతగా లెక్కించడానికి ఆధారం చాలదు. అదే వసతి, అదే బోధన దొరికితే ఎంపిక కాని పిల్లలు ఏమై ఉండేవారన్నది అడగకుండా మిగిలిన ప్రశ్న.

ఇంగ్లాండు అనుభవం ఇక్కడ ఉపకరిస్తుంది. 1944 విద్యాచట్టం తరువాత అక్కడ పదకొండేళ్ళ పిల్లలను పరీక్ష ద్వారా గ్రామర్ పాఠశాలలకు ఎంపిక చేసే పద్ధతి స్థిరపడింది. బుద్ధి పరీక్షలు కుటుంబ నేపథ్యాన్ని దాటి సహజ సామర్థ్యాన్ని చూపుతాయని నమ్మారు. 1950లలో ఫిలిప్ వెర్నన్ వంటి మనోవిజ్ఞానవేత్తలు శిక్షణతో ఆ ఫలితాలు గణనీయంగా మారతాయని చూపడంతో ఆ నమ్మకం దెబ్బతిన్నది. 1965 తరువాత అధిక ప్రాంతాలు ఆ పద్ధతిని క్రమంగా విడిచిపెట్టాయి. అక్కడ చర్చకు ఆధారం అందరికీ అందుబాటులో ఉన్న ఫలితాల విశ్లేషణ. ఇక్కడ కూడా అటువంటి విశ్లేషణ జరగాలి.

ఎంపిక కాని పిల్లల పక్షాన మరో నిర్మాణపరమైన అంశాన్ని గమనించాలి. గ్రామ ప్రాథమిక పాఠశాలలో ఐదవది చివరి తరగతి. గురుకుల పరీక్ష నాలుగవ తరగతి ముగిసేసరికే పిల్లలను ఎంచుకుంటుంది. బాగా చదివే నలుగురైదుగురు వెళ్ళిపోతే, పిల్లలు తక్కువగా ఉన్న చిన్న బడిలో ఐదవ తరగతి దాదాపు ఖాళీ అవుతుంది. తోటివారినుంచి నేర్చుకునే అవకాశం తగ్గుతుంది. సంఖ్య తగ్గిన బడికి ఉపాధ్యాయుల కేటాయింపు కూడా తగ్గే ప్రమాదం ఉంది. ఎంపికైనవారికి దక్కిన మేలుకు మిగిలినవారు చెల్లిస్తున్న మూల్యం ఇది. దీనిని ఏ ఫలితాల ప్రకటనలోనూ ప్రస్తావించరు.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. నవోదయ, గురుకుల ప్రశ్నపత్రాలు ఒకే ప్రాంతపు పిల్లలకు ప్రతిభను రెండు భిన్నరీతుల్లో నిర్వచిస్తున్నాయి. మార్కుల పంపకమే ఆ నిర్వచనం.

2. భాషా నిరపేక్షత కోసం రూపొందిన ఆకృతుల విభాగం తన నియత నిర్మాణం వల్ల శిక్షణకు సులభంగా లొంగుతోంది. దానికి సగం మార్కులు ఉన్నంతకాలం ఇంటి ఆర్థిక స్థితి ఎంపికలో భాగస్వామిగా ఉంటుంది.

3. ఈ విభాగాన్ని కొనసాగించదలిస్తే, ఆ పది రకాల ప్రశ్నల పరిచయాన్ని ప్రతి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో బడివేళల్లోనే, అందరికీ ఇవ్వాలి. ఉపాధ్యాయుల వ్యక్తిగత ఔదార్యంపై దీనిని వదిలివేయరాదు.

4. కనీస స్థాయిని చేరిన పిల్లలందరి నుంచి లాటరీ ద్వారా ఎంపిక చేసే పద్ధతి పరిశీలనకు అర్హమైనది. వడపోతకు ప్రత్యామ్నాయంగా విద్యాహక్కు చట్టం అంగీకరించినది యాదృచ్ఛిక పద్ధతినే. కొద్ది మార్కుల తేడాను ప్రతిభలోని తేడాగా భావించే భ్రమ దీనివల్ల తగ్గుతుంది, రానివారిపై పడే ముద్ర కూడా తగ్గుతుంది.

5. గద్యభాగాల తెలుగును, వాటిలోని లోకాన్ని, ప్రాంతీయ పదజాలపు ఉనికిని పరిశోధకులు క్రమపద్ధతిలో అధ్యయనం చేయాలి. ఒక దశాబ్దపు ప్రశ్నపత్రాలు, గైడ్లు పరిశోధన గ్రంథానికి చాలినంత సామగ్రి.

సంస్థానాల కాలంలో ఈ నేలపై విద్వత్సభ గుమ్మం పుట్టుకను అడిగింది. ఆధునిక ప్రవేశ పరీక్ష ఆ ప్రశ్నను తొలగించింది, అది చిన్న విజయం కాదు. అయితే దాని స్థానంలో ఇంటివారు ఎంత సిద్ధం చేయగలిగారన్న ప్రశ్న మెల్లగా వచ్చి చేరింది. రంగసముద్రం గట్టున ఆడుకునే పిల్లల్లో ఏటా ఒకరిద్దరు వట్టెం చేరడం సంతోషించదగిందే. మిగిలినవారికి ఆ ఊరి బడి ఏమిస్తోందన్నదానిని బట్టే ఎంపిక వ్యవస్థ విలువను తూచవలసి ఉంటుంది.